అడుగున జిగురు పట్టిన అరటిపండు కేక్ గురించి

కడప,
ఆదివారం సాయంత్రం

చిన్నోడా,

నీ కేక్ ఫొటో చెల్లెలు చూపించింది. పైన బాగానే పొంగింది గానీ, కోసిన ముక్కలో అడుగున వేలెడు మందాన నల్లగా హల్వా మాదిరి పొర కనిపిస్తా ఉంది. మెత్తగా రావాలని రెండు పండ్లు ఎక్కువేసినావంట. తప్పంతా అక్కడే ఉంది. కేక్ మెత్తగా ఉండటం వేరు, తడిగా ఉండటం వేరు. అరటిపండులో నాలుగింట మూడొంతులు నీళ్లే. అన్ని నీళ్లు పీల్చుకోడానికి మైదా చాలకపోతే పిండి బరువెక్కి కిందికి దిగుతుంది, అక్కడ కేక్ కాకుండా ఉడికిన ముద్ద అవుతుంది. మెత్తదనం ఇచ్చేది నూనె, చక్కెర, సమయానికి పొయ్యి ఆర్పడం.

ఈసారి పండ్లు లెక్కపెట్టొద్దు, తూకం వెయ్యి. తొక్క తీసినాక 300 గ్రాములు ఉండాలి. మన పులివెందుల తోటల నుంచి వచ్చే పొడుగు పచ్చ అరటి రకం అయితే పెద్దవి మూడు సరిపోతాయి. చిన్న రకాలైతే ఐదారు పడతాయి. తూకం లేకపోతే 240 మిల్లీలీటర్ల కప్పుతో ఎనిపిన గుజ్జు ఒక కప్పూ పావుకు రొంత పైన, అంతే.

పండు మాగాల్సిన తీరు గూడా చెప్తా. బండి మీద పసుప్పచ్చగా నిగనిగలాడే పండు తినడానికి బాగుంటుంది, కేక్‌కు పనికిరాదు. అందులో పిండిపదార్థం ఇంకా పూర్తిగా తీపిగా మారి ఉండదు. వాసనా తక్కువే. తొక్క మీద సగానికి పైగా నల్లమచ్చలు రావాలి, నొక్కితే వేలు లోపలికి దిగాలి. తొందరగా మాగాలంటే కాగితం సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టు, రెండ్రోజుల్లో దారికొస్తుంది. పచ్చివి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తొక్క నల్లబడుతుంది గానీ లోపల మాగదు. బాగా మాగినవి మిగిలితే తొక్క తీసి ఫ్రీజర్‌లో వేసుకో. బయట పెట్టినప్పుడు నీళ్లు వదుల్తాయి, పారబోయొద్దు, వాసనంతా అందులోనే ఉంటుంది. ఆ నీళ్లతో కలిపే 300 గ్రాములు చూసుకో.

మిగతా కొలతలు: మైదా 180 గ్రాములు, చక్కెర 130, నూనె 80 మిల్లీలీటర్లు, పుల్లటి పెరుగు 60 మిల్లీలీటర్లు, వంటసోడా ముప్పావు టీచెంచా, బేకింగ్ పౌడర్ అర టీచెంచా, ఉప్పు పావు టీచెంచా, యాలకులు నాలుగు. చెంచాలన్నీ తలగొట్టి. మైదాను కప్పుతో కొలిస్తే డబ్బాలో ముంచి తీయొద్దు, అదిమినట్లై కప్పుకు 150 గ్రాములు దాటుతుంది. చెంచాతో వదులుగా నింపి పైన గీసేస్తే 120 వస్తుంది. అట్ల కప్పున్నర తీసుకో.

నూనె సన్‌ఫ్లవర్ వాడు. గానుగ శెనిగ నూనె పప్పులోకి ఎంత కమ్మగా ఉన్నా కేక్‌లో అరటి వాసనను మింగేస్తుంది. వెన్న వేస్తే రుచి మేలే గానీ, చల్లారినాక అది గడ్డకట్టి మర్నాటికి ముక్క బిరుసెక్కుతుంది. నూనె గడ్డకట్టదు, అందుకే మెత్తదనం నిలుస్తుంది. చక్కెర గూడా తేమను పట్టి ఉంచుతుంది, తీపి తగ్గిద్దామని సగం చేసేవు, పొడిపొడిగా వస్తుంది. 100 గ్రాములకు తగ్గించొద్దు.

సోడా ఎప్పుడు తెచ్చిందో గుర్తులేకపోతే, చిటికెడు తీసి నిమ్మరసం చుక్క వెయ్యి. బుస్సుమని పొంగకపోతే పారెయ్. పొంగడం లేదని ఎక్కువ మాత్రం వెయ్యొద్దు. సబ్బు రుచి వస్తుంది, కేక్ ఎర్రగా మాడినట్లు కనిపిస్తుంది, పొంగింది పొంగినట్లే నడుమ కూలుతుంది.

కేక్ కాల్చేది కుక్కర్‌లోనే, కలపడానికి ముందే దాన్ని పొయ్యెక్కించు. ఇది శానామంది చివర చేస్తారు. పెరుగు తగలగానే సోడా పని మొదలుపెడుతుంది, గిన్నె సిద్ధమయ్యేలోపు గాలంతా పోతుంది.

రోజూ అన్నం వండే కుక్కర్ వద్దు, పాత అల్యూమినియందో, అడుగు మందంగా ఉండే దబరో తీసుకో. అడుగున అర కిలో రాళ్లుప్పు వేలి మందాన పరువు, మీద అంగుళం ఎత్తు స్టాండు పెట్టు. నీళ్లు ఒక్క చుక్క గూడా వద్దు. కుక్కర్ మూత వాడొద్దు నాయనా. గాస్కెట్, విజిల్ తీసేసి పెట్టమని అందరూ చెప్తారు గానీ, ఆ మూతకుండే సేఫ్టీ వాల్వ్‌లో వేడికి కరిగే లోహం ఉంటుంది. నీళ్లు లేని వేడికి అది కరిగితే మళ్లా వాల్వ్ కొనాల. బరువైన పళ్లెం బోర్లించు, చాలు. మంట నడిమికి పెట్టి పది నిమిషాలు కాగనీ. మొదట్లో ఉప్పు చిటపటమంటుంది, భయపడొద్దు.

ఆ పది నిమిషాల్లో ఆరంగుళాల గిన్నెకు నూనె రాసి అడుగున కాగితం వెయ్యి. పెద్దది తీసుకుంటే కుక్కర్ గోడకు తగిలి ఆ పక్క మాడుతుంది. చుట్టూ వేలు దూరేంత సందు ఉండాల. చక్కెర, యాలకులు మిక్సీలో పొడి కొట్టి, అందులోనే నూనె, పెరుగు పోసి అర నిమిషం తిప్పు, తెల్లగా మీగడ మాదిరి అవుతుంది. అరటిపండ్లు మాత్రం మిక్సీలో వద్దు. పప్పుగుత్తితో పప్పు ఎనిపినట్లు ఎనుపు. బఠాణీ అంత ముక్కలుంటే ఫర్వాలేదు, అంతకన్నా పెద్దవైతే వాటి చుట్టూ తడి గుంటలు మిగులుతాయి. రెండూ కలిపి, మైదా, సోడా, పౌడర్, ఉప్పు రెండుసార్లు జల్లించి అందులో వెయ్యి.

ఇంగ ఇక్కడ చెయ్యి అదుపులో పెట్టుకోవాల. గరిటెతో కింద నుంచి పైకి మడిచినట్లు పాతిక తిప్పుళ్లు, పొడి పిండి కనపడకపోతే ఆపెయ్. మైదాను ఎంత తిప్పితే అంత సాగుతుంది. పరోటాకు అదే కావాల, కేక్‌కు అది వస్తే రబ్బరు మాదిరి లాగుతుంది, కోస్తే నిలువు సొరంగాలు కనిపిస్తాయి. పిండి ఇడ్లీపిండి మాదిరి గరిటె నుంచి ముద్దగా జారాల. దోసెపిండి మాదిరి ధారగా పడితే రెండు చెంచాల మైదా వెయ్యి. అక్రోటు అక్కర్లేదు, వేయించిన శెనక్కాయ విత్తనాలు పిడికెడు కచ్చాపచ్చాగా దంచి పైన చల్లు. గిన్నె మూడింట రెండొంతులు మించి నిండొద్దు.

లోపల పెట్టగానే మంట పూర్తిగా సిమ్‌కు తగ్గించు, చిన్న బర్నర్ అయితే మేలు. 35 నిమిషాల దాకా పళ్లెం ఎత్తొద్దు. చల్లగాలి తగిలితే నడుమ కూలిపోతుంది, తర్వాత ఎంత సేపు పెట్టినా లేవదు. ఆ తర్వాత ఒకసారి ఎత్తి పళ్లెం అడుగున పట్టిన నీళ్లు గుడ్డతో తుడిచి మళ్లా మూయి. మొత్తం 50 నుంచి 55 నిమిషాలు పడుతుంది. సన్న చాకు నడుమన అడుగు దాకా దించి తీయి. పిండి అంటితే ఇంకో ఐదు నిమిషాలు పెట్టు. తేమ రవ్వలు నాలుగు అంటితే అయిపోయినట్లే. చాకు పూర్తిగా పొడిగా వచ్చేదాకా ఉంచితే ఎండిపోతుంది. పైన ఎర్రగా కాలేదని పొడిగించొద్దు, వేడి కింద నుంచి వచ్చే పొయ్యిలో పైభాగం తెల్లగానే ఉంటుంది. నెర్రె పడితే గూడా ఏం కాదు.

నీ రూములో ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, ఉంటే ఇంత తంటా లేదు. పైకింద రాడ్లు రెండూ వేసి 170 డిగ్రీల దగ్గర పది నిమిషాలు కాగనిచ్చి, నడిమి అరలో 45 నిమిషాలు. వేడిగాలి తిప్పే కన్వెక్షన్ లేని ఉత్త మైక్రోవేవ్‌లో మాత్రం ఈ కొలత చెయ్యొద్దు.

దించినాక గిన్నెలో పది నిమిషాలు, తర్వాత బోర్లించి జల్లెడ మీద చల్లార్చు. గిన్నెలోనే వదిలేస్తే ఆవిరి తిరిగి అడుగుకు చేరి, తప్పించుకున్న జిగురే మళ్లా వస్తుంది. వేడి మీద కోసినా ముక్క చాకుకు అంటి పచ్చిగా ఉన్నట్లు కనిపిస్తుంది. చుట్టిపెట్టి మర్నాడు కోస్తే రుచి ఇంకా బాగుంటుంది. ఎండాకాలం బయట ఒక రోజుకు మించి ఉంచొద్దు, తేమకు బూజు తొందరగా పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తినేముందు రొంతసేపు బయట పెట్టు.

ఉప్పు చల్లారినాక సీసాలో పోసి "కేక్ ఉప్పు" అని రాసి పెట్టుకో. మళ్లా మళ్లా వాడుకోవచ్చు, కూరల్లోకి మాత్రం వద్దు. ఈసారి పైభాగం ఫొటో నాకొద్దు, కోసిన ముక్క పక్కనుంచి తీసి పంపు.

మీ అమ్మ