నిజమైన సహకారులకు మా వందనాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మా ఇంటి పంపకం కాగితాలు మొన్న రిజిస్ట్రేషన్ అయ్యాయి. అత్తయ్య చేతికర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు. మల్కాజిగిరిలో ఒకే ఇంట్లో కింద బావగారి కుటుంబం, పైన మేము, ఏళ్ళ తరబడి మాటల్లేకుండా బతికిన సంగతి మా సంఘంలో చాలామందికి తెలుసు. ఇప్పుడు మాటలున్నాయి. అంతా దేవుని కృప అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు, అది నిజం కూడా. కానీ ఆ కృప మా గుమ్మం దాకా ఎవరెవరి ద్వారా వచ్చిందో చెప్పుకోకపోతే నాకు తృప్తిగా ఉండదు. పేర్లు రాయొద్దని వాళ్ళే గట్టిగా చెప్పారు కాబట్టి వరసలు పెట్టి చెబుతాను.

ముందుగా మా టీచరమ్మకు. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన మనవులు అడిగినప్పుడల్లా నేను "నా మనసు మారాలి, ప్రార్థన చేయండి" అనేదాన్ని. బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన రోమా పత్రిక 12వ అధ్యాయం రెండో వచనం, మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరం పొందమనే మాట, సండేస్కూల్ రోజుల నుంచీ నాకు కంఠస్థం. మా వంటింటి క్యాలెండర్ మీద కూడా అదే ఉండేది. అయినా రాత్రి మెలకువ వస్తే చాలు, తలలో పంచాయితీ మొదలయ్యేది. మామయ్య పోయాక కింది పోర్షన్‌లో ఒక గది అద్దెకిచ్చి, ఆ డబ్బులు బావగారే ఉంచుకున్నారు. ఇల్లంతా తన పేరు మీద రాయించుకుంటారన్న మాట కూడా చెవిన పడింది. అక్కను, అంటే మా తోటికోడలిని, నేను ఏమని అడగాలి, ఆమె ఏమంటుంది, దానికి నేను ఏమనాలి, అన్నీ చీకట్లోనే నడిచేవి. తెల్లారేసరికి ఆమె నాతో ఒక్క మాటా అనకపోయినా నేను పది మాటలు పడినంత అలసిపోయేదాన్ని.

ఒక శుక్రవారం కూడిక అయ్యాక టీచరమ్మ నన్ను ఆపి, ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చారు. పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత గీయమన్నారు. "రాత్రి వచ్చిన ఆలోచన ఎడమ పక్క రాయి. అందులో సత్యం ఎంతో కుడి పక్క రాయి. శుక్రవారం తీసుకురా" అన్నారు. ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం ఎనిమిదో వచనంలో వేటి మీద ధ్యానముంచుకోవాలో పౌలు వరసగా చెబుతాడు. ఆ వరసలో మొట్టమొదటిది ఏవి సత్యమైనవో అన్నది. టీచరమ్మ పట్టుకున్నది దాన్నే. రమ్యమైనవీ ఖ్యాతిగలవీ తర్వాత చూద్దాం, ముందు సత్యం దగ్గర నిలబడు అన్నారు.

నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్ళలో సంపు, మోటర్ల గొడవ ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నేను ఎడమ పక్క రాసిన మొదటి ఆలోచన ఇది: "నేను బట్టలు నానబెట్టానని చూసి మరీ మోటర్ ఆపేసింది." కుడి పక్క: "పొద్దున ఏడున్నరకు మోటర్ ఆగింది." టీచరమ్మ ఎర్ర పెన్నుతో "చూసి మరీ" కింద గీత గీసి, "ఇది నీకు తెలుసా, అనుకున్నావా?" అని అడిగారు. అంతే, ఇంకేమీ అనలేదు. దాని కిందే ఇంకో ఆలోచన: "అద్దె డబ్బుల్లో మాకు పైసా ఇవ్వలేదు." దాని పక్కన టిక్కు పెట్టి "సత్యం" అని రాశారు.

ఆ టిక్కు నాకు చేసిన మేలు ఎంతో ఇప్పటికీ తలచుకుంటాను. అప్పటిదాకా నాకు మంచి చెప్పిన వాళ్ళందరూ "పోనీలే అమ్మా, క్షమించు, మరిచిపో" అన్నవాళ్ళే. జరిగిన అన్యాయం అన్యాయం కాదన్నట్టు ఉండేది ఆ మాట, అందుకే లోపలికి దిగేది కాదు. టీచరమ్మ జరిగింది జరిగిందని ఒప్పుకున్నారు. దాని చుట్టూ నేను అల్లుకున్నదాన్ని మాత్రం ఒక్కో పోగూ విడదీశారు. వారాలు గడిచేకొద్దీ ఎడమ పక్క రాయాల్సింది తగ్గింది. కుడి పక్కకు కొత్త సంగతులు రావడం మొదలైంది. అక్క రోజూ పొద్దున్నే అత్తయ్యకు తల దువ్వుతుంది. సత్యం. మా అబ్బాయి పరీక్షల రోజుల్లో కింద టీవీ సౌండ్ తగ్గించారు. సత్యం.

ఆ నాలుగో అధ్యాయాన్ని టీచరమ్మ నాతో మొదటి నుంచీ చదివించారు. ఎనిమిదో వచనం తెలిసిన మాలాంటి చాలామందిమి రెండో వచనం దగ్గర ఆగం. అక్కడ యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలున్నారు. సువార్త పనిలో పౌలుతో కలిసి కష్టపడినవాళ్ళే, కానీ ఇద్దరికీ పడటం లేదు. ఏక మనస్సుతో ఉండమని పౌలు బతిమాలుకుంటున్నాడు. వెంటనే మూడో వచనంలో, "నిజమైన సహకారీ" అని ఇంకొకరిని పిలిచి, ఆ స్త్రీలకు సహాయం చేయమంటున్నాడు. తానేమో బంధకాల్లో, అంటే చెరలో, ఉండి రాస్తున్నాడు, తాను వెళ్ళలేడు. వాళ్ళిద్దరే తేల్చుకోవాలని వదిలేయలేదు, మధ్యలో ఒక మనిషిని పెట్టాడు. ఆ సహకారి పేరు పత్రికలో లేదు. మా విషయంలో ఆ మనిషి ఎవరో నాకు తెలుసు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ఇంతలో అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. మాట ముద్దగా రావడం, మూతి ఒక పక్కకు లాగడం చూసి, నిద్ర మత్తులే అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేసింది అక్కే. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట, ఆలోగా అందింది కాబట్టి అత్తయ్య ఇలా ఉన్నారని డాక్టర్ మాకు వివరంగా చెప్పారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే ఈ గుర్తులు పిల్లలకు కూడా నేర్పండి.

ఆసుపత్రిలో రాత్రిళ్ళు అక్క ఉండేది, పగలు నేను. డ్యూటీ మారేటప్పుడు కూడా కళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళం. టీచరమ్మ ఫోన్ చేసి, "క్యారేజీలో అక్కకు కూడా అన్నం పెట్టుకుని వెళ్ళు" అన్నారు. నాకు మనసు రాలేదు. "ఇష్టం లేకుండా పెడితే నటన అవుతుంది కదా టీచరమ్మా, ముందు మనసు మారనివ్వండి" అన్నాను. ఆమె అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "ప్రేమిస్తున్నానని చెప్పమనలేదు కదమ్మా, అన్నం పెట్టమన్నాను. అన్నంలో అబద్ధం ఏముంటుంది?"

నేను కంఠస్థం చేసిన రోమా 12వ అధ్యాయంలోనే ఇరవయ్యో వచనం ఉంది, శత్రువు ఆకలిగొని ఉంటే భోజనం పెట్టమని. రెండో వచనంలో మనసుతో మొదలుపెట్టిన పౌలు అధ్యాయం ముగించేలోగా కంచం దగ్గరికి తీసుకొస్తాడు. నేను రెండో వచనం పూర్తయితే గానీ ఇరవయ్యోది నా వంతు రాదనుకుని కూర్చున్నాను. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం కూడా ఇలాగే ఉంటుంది. దొంగతనం మానమని ఊరుకోదు, చేతులతో కష్టపడి లేనివాళ్ళకు పంచమంటుంది. చెడ్డ మాట ఆపమని ఊరుకోదు, వినేవాళ్ళకు మేలు కలిగే మాట పలకమంటుంది. మానేసిన చోట ఒక పని పెడుతుంది. మనసు మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని ఎక్కడా లేదు.

మామిడికాయ పప్పు, వడియాలు పట్టుకెళ్ళాను. అక్క క్యారేజీ మూత తీసి చాలాసేపు చూసింది. తర్వాత తింటూ, "కాయ బాగా పుల్లగా ఉంది, మోండా మార్కెట్‌దా?" అని అడిగింది. అవునన్నాను. మా ఇద్దరి మధ్య మళ్ళీ మొదలైన మాట అదే. ఆ తర్వాత రోజూ రెండు గిన్నెల్లో ఒకటి ఆమెకే. ఎప్పటి నుంచి ఇష్టంగా పెట్టడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

టీచరమ్మ అన్నం సంగతి ఎందుకంత పట్టుబడతారో తర్వాత చెప్పారు. ఆమె చిన్నతనంలో వాళ్ళ అమ్మతో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరానికి వెళ్ళేవారట. పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగ్ చదువుకుని, క్రీస్తును నమ్ముకుని, చివరికి మన హైదరాబాద్‌నే ఇల్లు చేసుకున్న సువార్తికుడు భక్తసింగ్ గారు అక్కడ ఉండేవారు. 2000లో ఇక్కడే ప్రభువు సన్నిధికి వెళ్ళారు. ఆరాధన అయ్యాక అందరూ నేల మీద చాపలు వేసుకుని పక్కపక్కన కూర్చుని తినే ప్రేమవిందు ఆమె మనసులో నాటుకుపోయింది. పక్కన ఎవరు కూర్చోవాలో ఎంచుకునే వీలు అక్కడ ఉండేది కాదట.

ఇక మా లాయర్ అంకుల్‌కు. అత్తయ్య ఇంటికొచ్చాక పంపకం మాట మళ్ళీ లేచింది. బావగారు, మా ఆయన ఇద్దరూ సగం సగం అనే లెక్కలోనే వాదించుకుంటున్నారు. అంకుల్ మా ముందు గదిలో కూర్చుని, "మీ నాన్నగారు వీలునామా రాశారా?" అని అడిగారు. లేదన్నారు. "అయితే మన క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం. భార్యకు మూడో వంతు. మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానం, ఆడపిల్లైనా మగపిల్లాడైనా" అని కాగితం మీద తొమ్మిది గళ్ళు గీశారు. అత్తయ్యకు మూడు, బావగారికి రెండు, మా ఆయనకు రెండు. మిగిలిన రెండూ కాజీపేటలో ఉన్న మా వదినవి. ఆ గదిలో ఎవరమూ ఆమె పేరు ఎత్తలేదు అప్పటిదాకా. అటు వాళ్ళూ ఇటు మేమూ న్యాయం న్యాయం అని అరిచిన ఇన్నేళ్ళలో ఆమె పండక్కి వచ్చి, చీర తీసుకుని, మౌనంగా వెళ్ళిపోయేది. బావగారే ముందు ఫోన్ తీసి ఆమెకు చేశారు. అద్దె డబ్బుల లెక్క కూడా ఆ వారమే ఆయనే రాసి తెచ్చారు. నా నోట్‌బుక్‌లో టిక్కు పడిన ఆ సంగతికి జవాబు నేను గొంతెత్తకుండానే వచ్చింది. అంకుల్ ఫీజు తీసుకోలేదు, కాఫీ మాత్రం కింద ఒకసారి, పైన ఒకసారి తాగి వెళ్ళారు.

మా పాస్టర్ అయ్యగారికి వందనాలు. మా గొడవ మొత్తం తెలిసి కూడా పుల్‌పిట్ మీద నుంచి ఒక్క మాట మా వైపు విసరలేదు. బలిపీఠం దగ్గర నీ కానుక విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్న వాక్యం మీద ఆయన ప్రసంగించిన ఆదివారం నేను తల దించుకుని కూర్చున్నాను. బయటికి వచ్చాక "అత్తయ్యకు ఫిజియోథెరపీ ఎలా ఉంది?" అని మాత్రమే అడిగారు. ఆ నిదానం మాకు ఎంతో అక్కరకొచ్చింది.

యూత్ పిల్లలకు. లిఫ్టు లేని ఆ డయాగ్నస్టిక్ సెంటర్ మెట్ల మీద అత్తయ్యను కుర్చీతో సహా ఎత్తుకుని దించారు. మీ చదువులు, ఉద్యోగాల కోసం ఆమె రోజూ పేరుపేరునా ప్రార్థిస్తున్నారు, అది మీకు తెలియాలి. మా వీధి చివర ఖాలాకు కూడా. రంజాన్ ఉపవాసాల్లో ఉండి కూడా మా పిల్లలకు సాయంత్రం ఆకలేస్తుందని కనిపెట్టి పెట్టారు.

చివరిగా మా అక్కకు. ఇది పంపే ముందు నీకు చదివి వినిపించాను, ఉంచమన్నావు. నోట్‌బుక్ సంగతి కూడా ఉంచమన్నావు. నువ్వు కూడా టీచరమ్మ దగ్గర ఇంకో నోట్‌బుక్ రాశావని ఆ రోజే నాకు తెలిసింది. అందులో ఎడమ పక్క నా గురించి ఏముందో నేను అడగను. నీ దగ్గర నాకు దొరికిన ఓర్పుకు వందనాలు అక్కా.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. వదిన కుటుంబం కాజీపేట నుంచి వస్తోంది. భోజనాలు కింది వరండాలోనే, వంట అక్కా నేనూ కలిసి చేస్తున్నాం. సంఘస్థులంతా కుటుంబాలతో రండి. మా సందులో కార్లకు చోటుండదు కాబట్టి, మెయిన్ రోడ్డు మీదే ఆపుకుని నడిచి వచ్చేయండి.