చర్చిలో పూజ ముగిశాక నా పక్కన కూర్చున్న అమ్మగారికి కృతజ్ఞతలు

అమ్మా, మీ పేరు అడగనేలేదు. జపమాల, ఉపవాసం, ఆరాధన ఉంటే పవిత్రతకు చాలు, కూలీల హక్కులు రాజకీయం అని మా ప్రార్థన గుంపులో కొందరు తేల్చేశాక నా మనసు కలతపడి ఉంది. మీరు వాదించలేదు. బైబిల్లోని యాకోబు పత్రిక ఐదో అధ్యాయం తీసి, బిగబట్టిన కూలి మొరపెడుతుందన్న వాక్యం నాతో చదివించారు. 1891లో 13వ లియో పోపు గారు ‘రేరుం నోవారుం’ విశ్వలేఖలో, అంటే తిరుసభ అంతటికీ రాసిన లేఖలో, న్యాయమైన జీతం గురించి రాస్తూ ఈ వాక్యాన్నే ఎత్తిచూపారని చెప్పారు.

ఆస్కార్ రొమేరో అగ్రపీఠాధిపతుల గురించి మాత్రం ఎంతసేపు చెప్పారో! మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్‌లో హత్యకు గురైనవాళ్ళ, మాయమైపోయినవాళ్ళ పేర్లు ఆయన ఆదివారం ప్రసంగాల్లో చదివి వినిపించేవారట. 1980 మార్చి 24న పూజ చేస్తుండగానే ఆయన్ని కాల్చి చంపారు. 2018లో కతోలిక తిరుసభ ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది. ఆ పేర్లు చదవడమూ ప్రార్థనేనని మీరన్నప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఇప్పుడు మా విశ్వాసుల ప్రార్థనల్లో జీతం అందని పనివాళ్ళ కోసం ఒక మనవి చేరింది. వాళ్ళ తరఫున యజమానులతో మాట్లాడటానికి గుంపులో కొందరు ముందుకొచ్చారు కూడా. మీకు నా నిండు కృతజ్ఞతలమ్మా. వీలైతే ఒకసారి వచ్చి మా అందరితోనూ మాట్లాడండి.