దాని ఆయువుపట్టు ఎక్కడ పెట్టావు?

చిన్నా,

నువ్వు పంపిన గేమ్ డిజైన్ డాక్యుమెంట్ మొత్తం చదివాను. మ్యాప్ బాగుంది. ఊళ్ల పేర్లు బాగున్నాయి. బురుజు మీది గంట నాకు మరీ నచ్చింది, దాని సంగతి తర్వాత చెప్తాను. డ్రాగన్ దగ్గరికొచ్చేసరికే చప్పబడిపోయింది. మూడు తలలు, నిప్పు, మంచు, కొండంత ఒళ్లు, యాభై వేల హెల్త్. ఇన్ని పెట్టినా బోర్ కొడుతోంది, ఎందుకమ్మా అని అడిగావు కదా. అన్నీ పెట్టావు గానీ ఆయువుపట్టు పెట్టలేదురా. హెల్త్ సున్నాకి వస్తే చస్తుందని రాశావు. అది కూడికలు తీసివేతల సంగతి. నీ కథలో అది ఎందుకు చస్తుందో ఎక్కడా లేదు.

బాలనాగమ్మ కథ గుర్తుందా? మాయల ఫకీరుకి ఏయే మంత్రాలు వచ్చో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని మాత్రం కథ విన్న ప్రతివాళ్లకీ గుర్తే. వాడెంత బలవంతుడో కన్నా వాడు ఎక్కడ చస్తాడో అన్నదే కథని నడిపిస్తుంది. డ్రాగన్ కథలన్నీ ఈ కంటితో ఒకసారి చూడు. మంచి డ్రాగన్‌కీ ఉత్త భారీ డ్రాగన్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది.

పాతవాళ్లలో నాకు ఫాఫ్నిర్ అంటే ఇష్టం. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిన వోల్సుంగ సాగాలో వస్తాడు. వాడు పుట్టుకతో డ్రాగన్ కాదు. బంగారం కోసం కన్నతండ్రిని చంపి, తమ్ముడికి వాటా ఇవ్వకుండా తరిమేసి, ఆ బంగారం మీదే పడుకుని అలా మారిపోయాడు. పిసినారి చచ్చాక పామై పుట్టి లంకెబిందెలకి కాపలా కాస్తాడని మన కథల్లో వింటాం. ఫాఫ్నిర్ చచ్చేదాకా కూడా ఆగలేదు. వాణ్ణి చంపడానికి వచ్చిన సిగుర్డ్ ఎదురు నిలబడి పోరాడడు. ఫాఫ్నిర్ నీళ్లు తాగడానికి పాక్కుంటూ వెళ్లే దారిలో గొయ్యి తవ్వి అందులో కూర్చుంటాడు. ఆ పెద్ద ఒళ్లు పైనుంచి జరుగుతుంటే కింద నుంచి కత్తి దించుతాడు. కత్తి దిగింది ఎడమ భుజం కింద అని సాగా చెప్తుంది. నన్నడిగితే వాడి ఆయువుపట్టు ఆ కాలిబాట. ఎంత బంగారం మీద పడుకున్నా దాహం వేస్తుంది, దాహానికి లేచి వెళ్లాలి, రోజూ ఆ దారినే వెళ్లాలి. ఇంకో సంగతి, వాడు వెంటనే చావడు. ఆ బంగారం నిన్నూ మింగుతుందని సిగుర్డ్‌ని హెచ్చరిస్తాడు. సిగుర్డ్ వింటాడు, అయినా తీసుకుంటాడు. అక్కణ్ణుంచి మొదలయ్యేది వేరే కథ.

బేవుల్ఫ్‌లో డ్రాగన్‌కి పేరు కూడా లేదు. సుమారు 1000వ సంవత్సరం నాటి ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలిన పాత ఇంగ్లీషు కావ్యం అది. మూడు వందల ఏళ్లు నిధి మీద పడుకున్న ఆ ప్రాణి, ఎవడో ఒక్క గిన్నె ఎత్తుకుపోతే లేచి ఊళ్లు తగలబెడుతుంది. టోల్కీన్ ఆ కావ్యాన్ని పాఠం చెప్పిన ప్రొఫెసర్. 1936లో దాని మీద పేరుమోసిన ఉపన్యాసం ఇచ్చి, మరుసటేడు అచ్చయిన ద హాబిట్‌లో ఆ గిన్నె దొంగతనాన్నే మళ్లీ పెట్టాడు. దొంగ మాత్రం ఈసారి ఆ కథానాయకుడు బిల్బో.

ఇక ఆ హాబిట్‌లోని డ్రాగన్, స్మాగ్. వీడి దగ్గర కాస్త ఆగుతాను, నీకు పనికొచ్చేదంతా ఇక్కడే ఉంది. స్మాగ్ పొట్ట మెత్తన. కానీ ఏళ్ల తరబడి నిధి మీద పడుకోవడంతో రత్నాలూ బంగారమూ పొట్టకి అతుక్కుపోయి కవచమైపోయాయి. అంటే ఫాఫ్నిర్‌ని చంపిన దారిని టోల్కీన్ ముందే మూసేశాడన్నమాట. బిల్బో కంటికి కనపడకుండా నిలబడి పొగడ్తలు మొదలుపెడతాడు. అవతలివాడు దొంగ అని స్మాగ్‌కి తెలుసు, అయినా వినాలనిపిస్తుంది. కవచం చూపించుకోవాలని పక్కకి దొర్లుతాడు. ఎడమ రొమ్ము దగ్గర పెద్ద ఖాళీ! బిల్బో బయటికొచ్చి ఆ సంగతి మరుగుజ్జులకి చెప్తుంటే ఒక పిట్ట వింటుంది. పిట్ట వెళ్లి బార్డ్ అనే విలుకాడికి చెప్తుంది. వాడి చివరి బాణం సరిగ్గా ఆ ఖాళీలో దిగుతుంది. బాణం కంటే ముందు స్మాగ్‌ని చంపింది వాడి గొప్పలే. పాఠకుడికి ఆ ఖాళీ ముందే తెలుసు కాబట్టి, బార్డ్ విల్లు ఎక్కుపెట్టగానే మన గుండె కూడా బిగుసుకుంటుంది.

దీని పక్కన గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ పెట్టి చూడు. 2019లో వచ్చింది. అక్కడా డ్రాగన్‌ని కొట్టింది బాణమే, ఓడల మీద బిగించిన పెద్ద బాణం. రేగల్ అనే ఆ డ్రాగన్ ఎగురుతూ ఎగురుతూ సముద్రంలో పడిపోతాడు. ఆయుధాన్ని అంతకుముందే చూపించారు, కాదనను. కానీ ఆ చావుకీ రేగల్‌కీ సంబంధం ఏమిటి? వాడి గుణం వల్ల చచ్చాడా, వాడు చేసిన పని వల్ల చచ్చాడా? రెండూ కాదు. పైనుంచి చూస్తూ వస్తున్నవాళ్లకి అన్ని ఓడలు ఎలా కనపడలేదో కూడా నాకు అర్థం కాలేదు. ఖర్చుకి లోటు లేదు, బొమ్మకి వంక లేదు, చావు మాత్రం గాలివాటం. అప్పట్లో చూసినవాళ్లు అంత గోల చేయడానికి అదీ ఒక కారణమనుకుంటా.

పుస్తకాల సంగతి వేరు, మాది ఆట కదా అంటావు. సరే, ఆటల్లోకే వస్తా. 1980లో అటారీకి అడ్వెంచర్ అని ఒక ఆట వచ్చింది. అందులో డ్రాగన్లు అచ్చం బాతుల్లా ఉంటాయి. అవి మింగితే ఆటగాడికి గుర్తుగా ఉండే చిన్న చదరం వాటి పొట్టలో కనిపిస్తూ ఉంటుంది. ఆ బాతులకి జడిసినవాళ్లు ఎంతమందో! బొమ్మ బాగుండటం ఆఖరి సంగతి అని ఇందుకే అంటున్నా. మూడు తలల్లో రెండు కోసేయ్, యానిమేషన్ చేసే నీ ఫ్రెండ్ బతుకుతాడు.

2011లో మైన్‌క్రాఫ్ట్‌లోకి వచ్చిన ఎండర్ డ్రాగన్ చూడు. దాన్ని బాణాలతో కొడుతూ కూర్చుంటే దెబ్బ తగలడం, మళ్లీ కోలుకోవడం, ఇదే వరస. ఎత్తయిన నల్లరాతి స్తంభాల మీది క్రిస్టల్స్ దాని ప్రాణం నింపుతూ ఉంటాయి. ముందు వాటిని పగలగొట్టాలి. కొన్నిటికి ఇనప పంజరాలు కూడా ఉంటాయి కాబట్టి ఎక్కాలి. మాయల ఫకీరు చిలకే ఇది! ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ కిరణాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తలెత్తి చూస్తే చాలు. ఈ కనిపెట్టడమే ఆట.

మాన్‌స్టర్ హంటర్ దీన్ని ఇంకో రకంగా చేసింది. 2004లో మొదలైన ఆ ఆటలో మృగానికి హెల్త్ బార్ చూపించరు. రథాలోస్ అనే డ్రాగన్ బాగా దెబ్బతింటే కుంటుకుంటూ గూటికి పోయి నిద్రపోతుంది. ఎంత మిగిలిందో దాని నడక చెప్తుంది. నిద్రపోతున్నదాన్ని కొట్టాలంటే ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది కూడా. నీ యాభై వేల అంకెని స్క్రీన్ మీంచి తీసేసి చూడు, ఏం మిగులుతుందో.

స్కైరిమ్ అనే ఆట మీద నాకు రెండు అభిప్రాయాలున్నాయి. అందులో డ్రాగన్లని నేలకి దించే అరుపు ఒకటుంది, డ్రాగన్‌రెండ్. చావంటే ఏమిటో తెలియని ప్రాణికి, నువ్వూ ఒకరోజు పోతావు అన్న ఎరుకని తలలోకి బలవంతంగా ఎక్కిస్తుంది. దాన్ని మోయలేక కిందపడుతుంది. ఇంత మంచి ఆయువుపట్టు నేను ఏ ఆటలోనూ చూడలేదు. కానీ అదే ఆటలో డ్రాగన్లు ఊరకే ఊళ్ల మీదికి వస్తూనే ఉంటాయి. కొన్నాళ్లకి వాటిని చూస్తే భయం పోయి, ఎముకలూ పొలుసులూ మోసుకెళ్లే బరువు గురించే ఆలోచిస్తాం. నీ డాక్యుమెంట్‌లో చివరి డ్రాగన్ కాక దారిలో ఇంకో ఆరు చిన్నవి పెట్టావు. తీసెయ్. అదే స్కైరిమ్‌లో కొండ కొసన కూర్చున్న ముసలి డ్రాగన్ పార్థర్నాక్స్‌ని చంపమని, డ్రాగన్లని వేటాడే బ్లేడ్స్ దళం వాళ్లు అడిగితే ఒప్పుకోని ఆటగాళ్లు బోలెడుమంది. వాళ్ల సాయం పోయినా సరే అన్నారు. ఎందుకంటే ఆ డ్రాగన్ తన పాత దుర్మార్గం సంగతి తనే ఒప్పుకుని, రోజూ దాన్ని అణచుకుంటూ బతుకుతోంది.

ఆయువుపట్టు ఉందంటే చంపే తీరాలని లేదు. 1968లో ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ మొదటి నవలలో కుర్ర మాంత్రికుడు గెడ్ పెండోర్ దీవిలోని డ్రాగన్ అసలు పేరు ఊహించి పట్టుకుంటాడు. పేరు దొరికితే డ్రాగన్ దొరికినట్టే. అప్పుడా డ్రాగన్ బేరం పెడుతుంది. నిన్ను తరుముతున్న నీడ పేరు నేను చెప్తాను అంటుంది. గెడ్‌కి ప్రాణాలు నిలబెట్టే సమాచారం అది. కానీ వాడు ఆ బేరం వదులుకుని, దీవుల జోలికి ఇంకెప్పుడూ రానని ఒట్టు వేయించుకుంటాడు. కత్తి లేదు, నెత్తురు లేదు, చదువుతుంటే చేతులు చల్లబడతాయి. ఆయువుపట్టు డ్రాగన్‌ది, పరీక్ష గెడ్‌కి. హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్ సినిమాలో టూత్‌లెస్‌కి తోక రెక్క ఒకటి తెగిపోతుంది. తెంచిన కుర్రాడే కొత్తది చేసి అమర్చాలి, అమర్చాక కూడా వాడు మీదెక్కి నడిపితేనే అది ఎగురుతుంది. స్నేహం మొత్తం ఆ ఒక్క లోపం మీద కట్టారు.

డ్రాగన్‌కి రెండు కాళ్లా నాలుగు కాళ్లా అని మీ ముగ్గురూ తెగ కొట్టుకుంటున్నారట. వెన్నెముక ఉన్న ఏ జంతువుకీ నాలుగు కాళ్లూ పైన రెండు రెక్కలూ లేవు, కాబట్టి సహజంగా ఉండాలంటే రెండు కాళ్లే. కొలత రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లు, రెక్క వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతాయి కాబట్టి కొండంతది ఎగరనే ఎగరదు. ఈ రెండో సంగతిని పట్టించుకోనివాళ్లు మొదటిదాని మీద పోట్లాడుకోవడం నాకు నవ్వొస్తుంది. ఏదో ఒకటి పెట్టేసుకోండి. చైనా డ్రాగన్లకి మామూలుగా రెక్కలే ఉండవు. అవి మబ్బులకీ వానకీ నదులకీ దొరలు. వాటినెవరూ ఇంజినీరింగ్ అడగలేదు.

ఇప్పుడు నీ గంట. ఊళ్లోవాళ్లు బురుజు మీద గంట కొడితే డ్రాగన్ దాడి మధ్యలో ఆపేసి వెనక్కి తిరుగుతుందని ఒక్క ముక్క రాశావు. ఆటగాడికి ఊపిరి తీసుకునే వ్యవధి కోసం పెట్టావని తెలుస్తూనే ఉంది. కానీ మొత్తం డాక్యుమెంట్‌లో ప్రాణమున్న వాక్యం అదే. ఎందుకు తిరుగుతుంది? భయమా? ఆ చప్పుడు దానికి ఎవరినైనా గుర్తుచేస్తుందా? ఒకప్పుడు ఆ గంటకి కట్టుబడి ఒట్టు వేసిందా? భయమైతే నీ ఆట వేట అవుతుంది. ఒట్టయితే, అవతలిపక్క ఒట్టు తప్పింది ఊరివాళ్లేనేమో అన్న అనుమానం ఆటగాడికి మెల్లగా రావాలి, అప్పుడు ఆఖరి పోరాటంలో గంట కొట్టాలా వద్దా అన్నదే కష్టమవుతుంది. నాకు రెండోదే ఇష్టం, కానీ ఆట మీది.

ఏది తేల్చుకున్నా ఒక పని ముందు చెయ్యి. గంట కొట్టేది ఎవరో రాయి. ఊరివాళ్లు అని వదిలేశావు. ప్రతి రాత్రీ ఆ బురుజెక్కే మనిషికి ఒక పేరుండాలి, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, డ్రాగన్ ఎందుకు వెనక్కి తిరుగుతుందో ఆ మనిషికి కొంతైనా తెలిసుండాలి.

అమ్మ