విషయం: మీరు మూడుసార్లు మూసేసిన ఫిర్యాదు, నాలుగోసారి

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నమస్కారం. ఎవరికి రాయాలో తెలియక అందరికీ కలిపి రాస్తున్నాను. ఇప్పటిదాకా నాతో మాట్లాడినవాళ్లలో ఒక్కరూ తమ పై అధికారి ఎవరో చెప్పలేదు మరి.

నేను రాజమండ్రిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ రోజుల నుంచీ ఇదే పని. పోయిన నెల ఒక పెళ్లి శుభలేఖ 600 కాపీలు మీ దగ్గర వేయించాను. నెమలికంఠం నీలం రావాల్సిన చోట వంకాయ రంగు వచ్చింది. పెళ్లికూతురి నాన్నగారు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మా, నెమలికి గుత్తివంకాయ పెట్టారా?" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు, నాకే తలెత్తబుద్ధి కాలేదు.

సరే, ప్రెస్సు పనిలో రంగు తప్పడం కొత్తేం కాదు. "పొరపాటైంది" అని మీరు ఒక్క మాట అనుంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

ముందు మీ చాట్‌లో ఒక మరమనిషి "మీ పార్సిల్ ఎక్కడుందో తెలుసుకోవాలా?" అని మూడుసార్లు అడిగింది. పార్సిల్ నా ఒళ్లోనే ఉంది. ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి, ఒక అబ్బాయి లైన్లోకి వచ్చాడు. సీఎంవైకే ఫైలు పంపాను బాబూ అంటే "అది ఏ కంపెనీ మోడల్ మేడం?" అన్నాడు. ఆ పిల్లాణ్ణి ఏమీ అనను. ప్రింటింగ్ కంపెనీలో ఫోన్ దగ్గర కూర్చోబెట్టి, సీఎంవైకే అంటే సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులని కూడా చెప్పని మిమ్మల్ని అంటాను. రెండో ఆవిడ స్క్రీన్ బ్రైట్‌నెస్ పెంచి చూడమన్నారు. శుభలేఖకి ఆ బటన్ ఎక్కడుందో చెబితే తప్పకుండా పెంచుతాను. మూడో ఆయన ఫోన్‌తో ఫోటో తీసి పంపమంటే పంపాను. రెండు రోజులకి జవాబు: "ఫోటోలో నీలంగానే ఉంది. ఫిర్యాదు పరిష్కరించబడింది." ఫోన్ కెమెరా రంగుల్ని తనకు తోచినట్టు సర్దుతుంది. దాన్ని మీరు ఇంకో స్క్రీన్ మీద చూసి తీర్పు చెబుతారు. కాగితం మీద ఇంకు ఎలా పడిందో అందులో ఏం తెలుస్తుంది?

నాలుగో జవాబుకి మాత్రం ఒళ్లు మండింది. మీ షరతుల్లోంచి ఒక వాక్యం తీసి పంపారు: "స్క్రీన్ మీది రంగుకీ ప్రింటులో రంగుకీ తేడా ఉండవచ్చు." అయ్యా, ఆ మాట పదిహేనేళ్లుగా నా షాపు గోడ మీద అంటించి ఉంది! వాట్సాప్‌లో మెరిసే చిలకపచ్చ చూపించి అచ్చం ఇలాగే కావాలనేవాళ్లకి, అది వెలుతురుతో వచ్చే రంగు, ఇంకుతో అంత మెరుపు రాదు అని రోజూ చెప్పేది నేనే. అందుకే మొదటి నుంచీ సీఎంవైకేలోనే డిజైన్ చేస్తాను. అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ), కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్ల అదనపు అంచు (బ్లీడ్), అక్షరాలు ఒక్క నలుపు ప్లేటులోనే. ఇవన్నీ ఐదు మెయిళ్లలో రాశాను, మళ్లీ రాయను.

ఒక్కటి మాత్రం చెబుతాను. భూతద్దం పెట్టి చూస్తే మీ కార్డులో ముహూర్తం అక్షరాల పక్కన ఎర్రటి నీడ ఉంది. ఒక్క నల్ల ఇంకుతో పడాల్సిన అక్షరానికి ఎరుపు ఎక్కణ్ణించి వచ్చింది? మీ వెబ్‌సైట్ నా ఫైలుని స్క్రీన్లకి వాడే ఆర్‌జీబీ రంగుల్లోకి తెచ్చి, మళ్లీ సీఎంవైకేలోకి మార్చినట్టుంది. అలా చేస్తే నలుపు నాలుగు ఇంకుల్లోకి చీలుతుంది. నీలంలో సయాన్ తగ్గి మెజెంటా పైకొస్తుంది. మీ మెషిన్ దగ్గర పనిచేసే ఏ అన్నకి చూపించినా అరనిమిషంలో చెబుతాడు. ఆయనతో మాట్లాడించమని బతిమాలాను కూడా. "ప్రొడక్షన్ వాళ్లు కస్టమర్లతో మాట్లాడరు మేడం." ఏం, మౌనవ్రతమా?

ఆరేళ్లుగా మీకే పని ఇస్తున్నాను. "మమ్మల్ని కాదని ఎక్కడో వేయిస్తావేంటక్కా" అని మా ఊరి ప్రెస్సువాళ్లు నిష్ఠూరమాడినా మీకే ఇచ్చాను. ఒక ఏడాది క్యాలెండర్లు సంక్రాంతి దాటాక పంపారు. అప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. బహుశా అదే నేను చేసిన తప్పు.

పెళ్లివారికి కార్డుల డబ్బుల్లో సగం, 6,600 రూపాయలు, నేనే వెనక్కిచ్చాను. అది మీరు ఇవ్వాలో వద్దో మీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను. లేదు, వదిలేయడం లేదు, ఇవ్వండి. దానికంటే ముందు, ప్రింటింగ్ తెలిసిన ఒక్క మనిషి నాకు ఫోన్ చేయాలి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మా తమ్ముడు వకీలే, వాడికీ ఈమధ్య ఖాళీగానే ఉంటోంది.

స్పీడ్ పోస్టులో రెండు కార్డులు పంపుతున్నాను. ఒకటి మీరు వేసింది. ఇంకోటి అదే ఫైలుతో మా వీధి చివర ప్రెస్సులో వేయించింది. దయచేసి వాటిని స్కాన్ చేయొద్దు, ఫోటో తీయొద్దు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి.

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్, రాజమండ్రి