మన బడి జమా ఖర్చులు: 2025-26

గ్రామస్థులకు, తల్లిదండ్రులకు, చందాలిచ్చిన పూర్వ విద్యార్థులకు బడి కమిటీ నమస్కారాలు.

సర్కారు బడికి మళ్లీ చందాలెందుకని బతుకమ్మ పండుగప్పుడు కొందరు నిలదీశారు. అడగవలసిన మాటే. ముందు దానికి జవాబు చెప్పి లెక్కలోకి వస్తాం.

బడి నిర్వహణ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. నూరు దాటి 250 వరకైతే 50,000 రూపాయలు, 31 నుంచి 100 వరకైతే 25,000. నిరుడు మన లెక్క 104 మంది, ఈసారి 97. తగ్గింది ఏడుగురు, పోయింది సగం గ్రాంటు. గదులు, కప్పు, బోరు మాత్రం ఏమీ తగ్గలేదు. ఆ 25,000లోనూ ఇప్పటికి ఖాతాలో పడింది 12,500. ఈ గ్రాంటులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. బడ్జెట్‌లో రాసినంత మాత్రాన సరిపోదు, విడుదల కావాలి. 2025-26 తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లలో విద్యకు 23,108 కోట్లు కేటాయించారు. అందులో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది. పోవాలి కూడా, పంతులు లేని బడికి సున్నం వేసి ఏం లాభం? కానీ సుద్దముక్కల వంతు వచ్చేసరికి చేయి బిగుస్తుంది. ఒక్క మేలు ఒప్పుకోవాలి: 2024లో ప్రభుత్వ బడులకు ఉచిత విద్యుత్తు ఇచ్చాక కరెంటు బిల్లు మన పద్దులోంచి పోయింది.

జమ: పాత నిల్వ 1,840, గ్రాంటు 12,500, ఊరి చందాలు 18,600, పూర్వ విద్యార్థులు 10,000. మొత్తం 42,940.

ఖర్చు: రెండు గదుల కప్పు కురవకుండా చేయించడానికి 14,500. బోరు మోటారుకు 9,400. ఇందులో 3,200 మా తప్పు. చౌకగా వస్తుందని ఒకచోట వైండింగ్ చేయిస్తే నెల తిరక్కుండానే కాలిపోయింది, మళ్లీ చేయించాం. మరుగుదొడ్ల కుళాయిలు, ఒక తలుపు 4,800. రిజిస్టర్లు, సుద్దముక్కలు 3,150. ఫినాయిలు, చీపుర్లు 2,750. ఫ్యాన్ల మరమ్మతు 1,900. రెండు జెండా పండుగల మిఠాయిలు 1,450. మొత్తం 37,950.

నిల్వ 4,990.

మిఠాయిల్లో 450 రూపాయలకు రసీదు లేదు. మిగతా రసీదులన్నీ ప్రధానోపాధ్యాయుల గదిలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు. రెండో మరుగుదొడ్డి తలుపు ఇంకా వేయించలేదు. రెండో విడత గ్రాంటు పడితే అందులోంచి, పడకపోతే ఈ నిల్వలోంచి వేయిస్తాం. దానికోసం మళ్లీ చందా అడగం.