రోజూ స్కాన్ ఎందుకంటే

తిరుపతి,
ఆదివారం

చి. ల. సౌ. లలితకు,
అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. పక్కన మీ నాన్న ఉన్నారు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ గురించి ఆయన ముందు మాట్లాడాలంటే నాకింకా నోరు పెగలదు.

ముందే స్కాన్ తీశారు కదా, మళ్ళీ రోజూ ఎందుకన్నావు. బల్ల మీద పడుకోగానే నా ఒంటిమీద పొడిచిన పచ్చబొట్టు చుక్కలను లేజరు గీతలతో కలుపుతారు. కానీ చుక్కలు ఉన్నది చర్మం మీద, జబ్బు ఉన్నది లోపల. మూత్రాశయం నిండితే గర్భసంచి ఒకచోట ఉంటుంది, ఖాళీ అయితే మరోచోటికి జరుగుతుంది. అందుకే యంత్రం నా చుట్టూ తిరిగి బొమ్మ తీస్తుంది. దాన్ని మొదటి స్కాన్‌తో పోల్చి, బల్లను కొన్ని మిల్లీమీటర్లు జరిపి, అప్పుడు రేడియేషన్ ఇస్తారు. మన వీధిలో అందరూ దీన్ని కరెంటు పెట్టడం అంటారు. కరెంటు కాదమ్మా, బాగా శక్తి గల ఎక్స్‌రేలు. నొప్పి తెలియదు.

ఇన్నేళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని, నాకిది వెంటనే అర్థమైంది. కొలత మీద నమ్మకం లేకపోతే చుట్టూ గుడ్డ ఎక్కువ వదులుతాం. ఇక్కడ అలా వదిలితే ఆ దెబ్బ నా పేగులకు తగులుతుంది. రోజూ కొలుస్తారు కాబట్టి ఆ అంచు తగ్గించగలుగుతున్నారు. ఆ స్కాన్‌తో పడే రేడియేషన్ చికిత్సతో పోలిస్తే చాలా తక్కువ.

మంగళవారం బొమ్మ చూసి నన్ను బల్ల దింపేశారు. చంద్రగిరి బస్సు ఆలస్యమై నీళ్ళు హడావిడిగా తాగాను, మూత్రాశయం నిండలేదు. మళ్ళీ తాగి, కిటికీలోంచి శేషాచలం కొండ చూస్తూ ముప్పావుగంట కూర్చున్నాను. మీ నాన్నకు కోపం వచ్చింది. నాకు మాత్రం ధైర్యం వచ్చింది, నన్ను గుడ్డిగా కాల్చడం లేదని.

25 రోజుల్లో 14 అయ్యాయి. తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ ఉంది, ఆ కిరణాలు వచ్చే మూలాన్ని కూడా ప్రతిసారీ బయటికి తీసేస్తారు.

సెలవులకు రాలేమన్నావు. పాప కోసం భయపడుతున్నావని నాకు తెలుసు. యంత్రం ఆగితే కిరణాలు ఆగినట్టే, నా ఒంట్లో ఏమీ మిగలదు. డాక్టరును రెండుసార్లు అడిగాను. పాపను తీసుకురా. దాని పట్టుపావడా గుడ్డ బీరువాలోనే ఉంది, నడుము కొలత తీసుకోవాలి.

మీ అమ్మ