ఇవాళే (2025 అక్టోబర్ 20) మన సియాటిల్ బేస్‌బాల్ జట్టు మారినర్స్‌కి టొరంటో బ్లూ జేస్‌తో ఏడో గేమ్, సిరీస్ తేల్చేసే ఆఖరి ఆట!

సియాటిల్ మిత్రులారా, ఇవాళ సాయంత్రం 5 గంటల మీటింగులేమైనా ఉంటే రేపటికి తోసేయండి. టొరంటోలో గెలిస్తే మారినర్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి (బేస్‌బాల్ ఫైనల్‌కి)! 1977లో మొదలైన జట్టు, ఇంతవరకూ ఆ గడప తొక్కలేదు. 2001లో ఏకంగా 116 గేమ్‌లు గెలిచి కూడా చివరికి న్యూయార్క్ జట్టు యాంకీస్ చేతిలో ఓడింది. నిన్నటి ఫీల్డింగ్ సంగతి ఎత్తకండి, కడుపు మండుతుంది. శుక్రవారం మన సువారెజ్ కొట్టిన గ్రాండ్ స్లామ్ (క్రికెట్ వాళ్లకి: ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు) ఇంకా కళ్లలోనే ఉంది. ఈ సీజన్లో 60 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టిన రాలీ మన జట్టులో ఉన్నాడు. మన పిచర్ (బంతి విసిరేవాడు) కర్బీ మొదటి మూడు ఇన్నింగ్స్ నెట్టుకొస్తే సగం టెన్షన్ తగ్గుతుంది నాకు. మా ఇంట్లో మిర్చి బజ్జీలు రెడీ, వచ్చేయండి. ముందే ‘గెలిచేశాం’ అని మాత్రం ఎవరూ మెసేజ్ పెట్టొద్దు, దిష్టి తగులుతుంది.